పెదవి ఒకచోట, పాట ఒకచోట: స్టూడెంట్ మ్యూజిక్ వీడియోలో సింక్ ఎక్కడ తప్పుతుంది?

కాలేజీ పిల్లలు తీసిన మ్యూజిక్ వీడియోల్లో ఒక లోపం పదే పదే కనిపిస్తుంది. లొకేషన్ బాగుంటుంది, గొంతు బాగుంటుంది, డాన్స్‌లో ఊపు ఉంటుంది. అయినా చూస్తుంటే ఏదో అతకదు. పెదవి పాటకంటే రవ్వంత వెనక నడుస్తుంటుంది. లేదంటే పల్లవి దాకా చక్కగా ఉండి, రెండో చరణం వచ్చేసరికి డబ్బింగ్ సీరియల్‌లా తయారవుతుంది. తీసినవాళ్లను అడిగితే, మంచి కెమెరా లేదు సార్, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఇంతకంటే రాదు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. మామూలు ఫోన్ కెమెరా, ఉచితంగా దొరికే షాట్‌కట్, కేడెన్‌లైవ్, డావిన్చీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఒక పాటను శుభ్రంగా తీసి, కట్ చేసి బయటపెట్టడానికి సరిపోతాయి.

అసలు సంగతి ఏమిటంటే, పాట స్టూడియో ఫైల్‌గా మొదలై చూసేవాళ్ల దగ్గరికి చేరేలోపు చాలా చేతులు మారుతుంది. స్పీకరు, గాలి, పాడేవాళ్ల చెవి, ఫోన్, ఎడిటింగ్ టైమ్‌లైన్. వీటిలో ప్రతిచోటా కాలం కొంచెం జారే వీలుంది. ఎక్కడ ఎంత జారుతుందో తెలిస్తే పట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ముందు ఎంత జారితే కంటికి తెలుస్తుందో చూద్దాం. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సులో దీనికి కొలతలున్నాయి. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు. అదే శబ్దం వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోడు. ఈ తేడాకి కారణం ఉంది. చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే, బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆ తర్వాత వినిపిస్తుంది. శబ్దం ఆలస్యంగా రావడం మన మెదడుకు చిన్నప్పటి నుంచీ అలవాటే. చప్పుడు ముందొచ్చి దృశ్యం తర్వాత రావడం మాత్రం బయట ఎక్కడా జరగదు, అందుకే అది వెంటనే గుచ్చుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము, అంటే కదలని ఒక్కో బొమ్మ, దాదాపు 33 మిల్లీసెకన్లు. అంటే పాట పెదవికంటే రెండు ఫ్రేములు ముందుంటే దొరికిపోతాం, మూడు ఫ్రేములు వెనక ఉన్నా మామూలు ప్రేక్షకుడికి తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద చాలాచోట్ల పనికొస్తుంది.

పాట ఫైల్ ఒక్కటే ఉండాలి

సినిమాల్లో పాట ముందే రికార్డయి, షూటింగ్‌లో ప్లేబ్యాక్‌గా మోగుతుంది. స్విట్జర్లాండ్‌లో స్టీఫన్ కుడెల్‌స్కీ 1951లో మొదలుపెట్టిన నాగ్రా టేప్ రికార్డర్లు ఆ రంగంలో దశాబ్దాలపాటు రాజ్యమేలాయి. కెమెరా వేగానికి, టేపు వేగానికి పొత్తు తప్పకుండా ఉండేందుకు టేపు మీద శబ్దంతోపాటు ఒక పైలట్ సంకేతాన్ని కూడా రికార్డు చేసేవారు. టేపు సాగినా, మోటారు నెమ్మదించినా ఆ సంకేతాన్ని చూసి సరిచేసుకునే ఏర్పాటు అది. ఇప్పుడు మనకా బాధ లేదు, డిజిటల్ ఫైల్ సాగదు. కానీ అదే ధీమాతో పిల్లలు ఒకే పాటకు నాలుగైదు ఫైళ్లు వాడేస్తుంటారు. షూటింగ్‌లో వాట్సాప్‌లో వచ్చినది మోగిస్తారు, ఎడిటింగ్‌లో స్టూడియో పంపిన ఎంపీత్రీ వేస్తారు, చివర్లో కొత్త మిక్స్ వచ్చిందని దాన్ని పెడతారు.

ఈ మూడూ చెవికి ఒకటే. టైమ్‌లైన్‌కి ఒకటి కాదు. ఎంపీత్రీగా మార్చే పద్ధతిలోనే పాట మొదట్లో సన్నని నిశ్శబ్దం చేరుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తీసేసి మోగిస్తాయి, కొన్ని అలాగే ఉంచుతాయి. అది సెకనులో నలభయ్యో వంతు ఉండొచ్చు, అంటే ముప్పావు ఫ్రేము. కొత్త మిక్స్‌లో సౌండ్ ఇంజినీరు ఇంట్రోని అర సెకను కత్తిరించి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే షూటింగ్‌కి ముందే పాట పొడవు, వేగం ఖాయం చేసుకోవాలి. మిక్సింగ్ తర్వాత మెరుగుపడొచ్చు, పాట మొదలయ్యే చోటు మాత్రం కదలకూడదు.

స్టూడియో నుంచి మూడు అడిగి తీసుకోండి. పూర్తి పాట వేవ్ ఫైల్‌గా, 48 కిలోహెర్ట్జ్‌లో. గొంతు ఒక్కటే ఉన్న ట్రాక్ విడిగా. ఇక షూటింగ్ కోసం ప్లేబ్యాక్ ఫైల్: ఇందులో పాటకు ముందు ఒక బీప్, తర్వాత పాట వేగంలోనే నాలుగు క్లిక్కులు ఉండాలి. ఆ నాలుగు క్లిక్కుల్లో పాడేవాళ్లు ఊపిరి తీసుకుంటారు, డాన్సర్లు ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్ లెక్కపెట్టుకుంటారు. పల్లవికి, ఒక్కో చరణానికి కూడా ఇలా క్లిక్కులతో విడి ముక్కలు చేసి పెట్టుకుంటే, రెండో చరణం రీటేక్ కోసం పాటంతా మోగించాల్సిన పని ఉండదు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ మారకుండా చేరుతుంది.

పాట ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి. యాన్యువల్ డేలో సినిమా పాట మీద డాన్స్ చేయడానికి, దాన్ని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడానికి చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు ఒక మినహాయింపు ఉంది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే ప్రేక్షకులుగా ఉన్నచోట రికార్డు మోగించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోకి ఆ గోడలు లేవు కాబట్టి ఆ మినహాయింపూ వర్తించదు. అయిదేళ్లు దాటిన పాటకు కవర్ వెర్షన్ చేసుకునే వెసులుబాటు 2012 సవరణతో వచ్చిన 31సీ సెక్షన్‌లో ఉంది. దానికి ముందస్తు నోటీసు, రాయల్టీ తప్పనిసరి. పైగా అది సౌండ్ రికార్డింగ్‌కి మాత్రమే, దాని మీద వీడియో తీసే హక్కు అందులో రాదు.

జానపదం అయితే ఎవరిదీ కాదు కదా అంటారు. తరతరాలుగా పాడుకుంటున్న పదం ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ యూట్యూబ్‌లో దొరికిన ట్రాక్, ఎవరో కొత్తగా కట్టిన చరణం, వేసిన డప్పు దరువు వాళ్లవే. కంటెంట్ ఐడీ అనే యంత్రం 2007 నుంచి యూట్యూబ్‌లో పనిచేస్తోంది, రికార్డింగ్‌ని బట్టి పట్టేస్తుంది. అలా క్లెయిమ్, అంటే ఈ పాట మాదన్న దావా, పడితే ఎక్కువసార్లు ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్తుంది, వీడియో ఉంటుంది. హక్కుదారు తీసేయమని ఫిర్యాదు చేసి స్ట్రైక్ పడితే మాత్రం వీడియో పోతుంది. మీ హాస్టల్లోనే ట్యూన్ కట్టేవాళ్లు, పాట రాసేవాళ్లు ఉంటారు. వాళ్లతో చేయించుకుని, ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఎవరి ఛానల్లో పెడతాం అన్నది ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకోండి. మొదటి మ్యూజిక్ వీడియోకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

స్పీకరు పాడేవాళ్ల దగ్గర, కెమెరా దగ్గర కాదు

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. వేగమే, కానీ ఒక ఫ్రేము కాలంలో అది నడిచేది 11 మీటర్లే. కాలేజీ గ్రౌండ్‌లో వైడ్ షాట్ పెట్టి, స్పీకరు కెమెరా పక్కన పెట్టి, డాన్సర్లను 23 మీటర్ల దూరంలో నిలబెట్టారనుకుందాం. పాట వాళ్లకు రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది, స్టెప్పు రెండు ఫ్రేములు ఆలస్యంగా పడుతుంది. కెమెరా మైకు మాత్రం పక్కనే ఉన్న స్పీకర్‌ని వెంటనే వింటుంది. తర్వాత ఎడిటింగ్‌లో కెమెరా శబ్దాన్ని పాటతో సరిపోలిస్తే, తెర మీద పాట ముందు, స్టెప్పు వెనక. పైన చెప్పుకున్న కొలత ప్రకారం ఇది కంటికి దొరికే తప్పు. డాన్సర్లు తాళం తప్పారని అందరూ వాళ్లనే అంటారు, పాపం వాళ్ల తప్పేమీ ఉండదు.

ఇప్పుడు స్పీకర్‌ని డాన్సర్ల దగ్గరికి జరపండి, ఫ్రేమ్‌లో పడకుండా. వాళ్లు సరిగ్గా ఆడతారు, కెమెరా మైకు రెండు ఫ్రేములు ఆలస్యంగా వింటుంది. శబ్దాలను సరిపోల్చినప్పుడు తెర మీద స్టెప్పు కాస్త ముందు, పాట కాస్త వెనక. ఇది ఎవరికీ తెలియని వైపు. దూరం అదే, స్పీకర్ జాగా మారింది, ఫలితం పూర్తిగా మారిపోయింది.

బ్లూటూత్ స్పీకరు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. బ్లూటూత్‌లో శబ్దం వంద, రెండు వందల మిల్లీసెకన్లు ఆలస్యమవడం మామూలే. అయినా షూటింగ్‌లో దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే పాడేవాళ్లు వినేది, కెమెరా మైకు వినేది రెండూ ఆ స్పీకర్ నుంచే. ఆలస్యం ఇద్దరికీ సమానం. రెండు వేర్వేరు బ్లూటూత్ స్పీకర్లు పెట్టారో, అప్పుడు ఒకదానికీ ఒకదానికీ పొంతన లేక డాన్సర్లు తికమకపడతారు. ఒకటే పెట్టండి. ఎడిటింగ్ దగ్గర మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అస్సలు వద్దు. మీ చెవికి పాట ఆలస్యంగా చేరుతుంటే, సరిగ్గా ఉన్న సింక్‌ని మీరే చేతులారా చెడగొడతారు. వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు.

కెమెరా మైకు ఎలాగూ వాడం కదా అని ఆడియో ఆపేసి షూట్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గరుకు శబ్దమే తర్వాత మీకు దారి చూపేది. రికార్డింగ్ మొదలవగానే ఎవరో ఒకరు గట్టిగా "రెండో చరణం, టేక్ మూడు" అని చెప్పాలి. అలాగే పాడేవాళ్లు పెదాలు ఆడిస్తే చాలదు, గొంతెత్తి పాడాలి. మెడ నరాలు, దవడ, గుండె నిండా తీసుకునే ఊపిరి, ఇవన్నీ కెమెరాకి కనిపిస్తాయి. సిగ్గుపడి గొణిగే పెదవులు ఎంత సరిగ్గా సింక్ అయినా అబద్ధంలాగే ఉంటాయి.

ఫోన్ మనకు చెప్పకుండా చేసే పనులు

ఫోన్ కెమెరా ఆటోలో ఉన్నప్పుడు మంచి బొమ్మ కోసం తనకు తోచిన సర్దుబాట్లు చేసుకుంటూ పోతుంది. వెలుతురు తగ్గితే సెకనుకు 30 ఫ్రేములు తీయడం మానేసి 24కో 25కో దిగుతుంది, వెలుగులోకి రాగానే మళ్లీ 30కి ఎక్కుతుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్‌లో చూస్తే తెలియదు. ఎడిటింగ్ టైమ్‌లైన్ మాత్రం ఫ్రేముల్ని వరుసగా, సమాన దూరంలో లెక్కపెడుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇక్కడే తేడా వస్తుంది: పల్లవి దగ్గర కలిసిన పెదవి, నాలుగు నిమిషాలు గడిచేసరికి దారి తప్పుతుంది. మొదట్లో చెప్పిన "చివరికొచ్చేసరికి డబ్బింగ్ సీరియల్" జబ్బుకి ఎక్కువసార్లు మూలం ఇదే.

మందు సులువే. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి క్లిప్‌ని స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి. షాట్‌కట్ అయితే ఇలాంటి క్లిప్ వేయగానే తనే గుర్తుపట్టి, ఎడిటింగ్‌కి అనుకూలంగా మార్చమంటారా అని అడుగుతుంది. అవునని చెప్పండి. తొందరలో ఆ పెట్టెను మూసేసి ముందుకు వెళ్లిపోతారు, తర్వాత రాత్రంతా కూర్చుని పెదాలు సరిచేస్తుంటారు.

క్లాస్‌రూమ్‌లో, హాస్టల్ కారిడార్‌లో ట్యూబ్‌లైట్ల కింద తీసిన షాట్లలో బొమ్మ మినుకుమినుకుమనడం, నల్లటి పట్టీలు పాకడం ఇంకో గొడవ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ లెక్కన బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కెమెరా షటర్ తెరిచి ఉండే సమయంలో ఆ హెచ్చుతగ్గులు పూర్తి సంఖ్యలో పడితే ప్రతి ఫ్రేమూ ఒకే వెలుగులో ఉంటుంది. అంటే షటర్ సమయం 1/50 లేదా 1/100 సెకను. ఆటోలో ఫోన్ 1/60 ఎంచుకుందంటే ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం వెలుగు. ప్రో మోడ్ ఉంటే షటర్‌ని 1/50 దగ్గర కట్టేయండి, లేదంటే సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్‌లో ఉందేమో చూడండి. చవకరకం ఎల్‌ఈడీలు కొన్ని దేనికీ లొంగవు. అప్పుడు ఆ లైటు ఆపేసి కిటికీ పక్కకు జరగడమే.

ఎక్స్‌పోజర్ (బొమ్మలోకి వచ్చే వెలుగు మోతాదు), ఫోకస్ లాక్ చేయడం ఎప్పుడూ మరవకండి. చాలా ఫోన్లలో తెర మీద వేలు కాసేపు నొక్కి పెడితే లాక్ అవుతుంది. తెల్ల చొక్కా వేసుకున్నవాడు ఫ్రేమ్‌లోకి రాగానే మొహాలు నల్లబడటం, ఒకే పంక్తిని రెండు టేకుల నుంచి కలిపితే ఒకటి పసుపు, ఒకటి నీలం కావడం, ఇవన్నీ ఆటో చలవే. రంగు ఎంత దిద్దినా టేకు మధ్యలో మారిన వెలుగు సరిగా కుదరదు.

వెలుతురు దిక్కు కూడా ముందే చూసుకోవాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం మీద సూర్యుణ్ని పెట్టి సిలౌట్ (వెలుగు ముందు నల్లటి ఆకారం) తీయాలనుకునే బృందం సాయంత్రం వెళ్తే లాభం లేదు, మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి వచ్చేది తెల్లవారుజామునే. గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో షూటింగ్‌కి ముందస్తు అనుమతి కావాలి. కాలేజీలో షూట్ చేస్తే ప్రిన్సిపాల్ సంతకం ఉన్న ఉత్తరం జేబులో ఉంచుకోండి.

ఎన్ని షాట్లు కావాలి?

దీనికి లెక్కతో జవాబు చెప్పొచ్చు. పాట నిమిషానికి 100 బీట్ల వేగం, పొడవు నాలుగు నిమిషాలు అనుకుందాం. మొత్తం 400 బీట్లు. 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక బీటు సరిగ్గా 18 ఫ్రేములు. సగటున నాలుగు బీట్లకు ఒక కట్ పెడితే ఒక్కో షాట్ 2.4 సెకన్లు, పాట మొత్తానికి 100 షాట్లు. వంద అనగానే భయపడకండి, వందా విడివిడిగా తీయాల్సినవి కావు.

మొదట మాస్టర్ తీయాలి. మిడ్ షాట్‌లో, ఆపకుండా, పాట మొదటి నుంచి చివరిదాకా. తప్పు దొర్లినా ఆపొద్దు. ఎడిటింగ్‌లో ఎక్కడ షాట్ లేకపోయినా, ఎక్కడ సింక్ మీద అనుమానం వచ్చినా అక్కడ మాస్టర్ ఆదుకుంటుంది. తర్వాత అదే జాగాలో, అదే వెలుతురులో క్లోజప్‌లో మళ్లీ పాటంతా. ఆ తర్వాత పక్క నుంచి. ఈ మూడు టేకుల్లోంచే యాభై అరవై షాట్లు వచ్చేస్తాయి. ఇక మిగిలినవి చేతులు, కాళ్లు, గజ్జెలు, గిటార్ తీగ మీద వేలు, క్యాంటీన్ బల్ల, గాలికి కదిలే కర్టెన్ లాంటి చిన్న చిన్నవి. వీటికి పెదాలు లేవు కాబట్టి సింక్ బాధ లేదు, ఎక్కడైనా అతుకుతాయి. వీటిని దండిగా తీసుకోండి. నేను చూసిన ఫుటేజీల్లో ఎప్పుడూ కరువయ్యేవి ఇవే.

మన పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్ కథ చెప్పడానికి మంచి చోటు. అక్కడ ఎవరూ పాడరు కాబట్టి అమ్మాయి బస్సు దిగడం, స్నేహితులు గొడవపడటం, ఉత్తరం చింపడం అన్నీ అక్కడ పెట్టుకోవచ్చు. లిరిక్ షీట్ ప్రింట్ తీసి, ఒక్కో పంక్తి ఎదురుగా ఏ లొకేషన్, ఏ షాట్, ఎవరు అన్నది రాసుకుంటే షూటింగ్ రోజున సగం అరుపులు తగ్గుతాయి.

స్థలం చూసుకోవడం మరిచిపోకండి. ఐఫోన్‌లో 1080పీ, 30 ఫ్రేముల వీడియో, అన్నిచోట్లా ఆడే ఫార్మాట్‌లో, నిమిషానికి సుమారు 130 ఎంబీ. నాలుగు నిమిషాల టేకు ఒకటి అర జీబీ దాటుతుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గరే లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఇంకోచోట రెండో కాపీ పెట్టాకే ఫోన్ ఖాళీ చేయండి.

మనిషి స్లో మోషన్‌లో నడుస్తూ, పెదవి మాత్రం పాటతో సరిగ్గా కలిసే షాట్లు సినిమాల్లో చూసే ఉంటారు. ఇది ఫోన్‌తోనూ వస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పాటను రెండింతల వేగానికి మార్చి మోగించండి. పాడేవాళ్లు ఆ వేగంలోనే పాడాలి. కెమెరా 60 ఫ్రేముల్లో తీయాలి. తర్వాత 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఆ క్లిప్‌ని సగం వేగానికి తగ్గిస్తే పెదవి మామూలు పాటతో కలుస్తుంది, జుట్టు, చున్నీ, రాలే ఆకు మాత్రం నింపాదిగా తేలుతాయి. మాటలు కిక్కిరిసిన పంక్తులకు ఇది పనిచేయదు, నోరు తిరగదు. సాగదీసి పాడే పల్లవికి అద్భుతంగా ఉంటుంది.

టైమ్‌లైన్ మీద

మొదట పాట వేవ్ ఫైల్‌ని కింది ట్రాక్‌లో పెట్టి లాక్ చేయండి. ఎడిటింగ్ పూర్తయ్యేదాకా అది కదలకూడదు. దాని పైన మాస్టర్‌ని కత్తిరించకుండా మొత్తం పెట్టి, కెమెరా శబ్దపు వేవ్‌ఫారమ్‌లో బీప్, క్లిక్కులు ఎక్కడున్నాయో చూసి పాటతో కలపండి. దాని పైన క్లోజప్ టేకు, ఆ పైన పక్క టేకు, ఒక్కొక్కటీ ఇలాగే సింక్ చేసి పేర్చండి. అన్నీ కలిశాక కట్ చేయడమంటే పైనున్నవాటిలో అక్కర్లేని భాగాలు తీసేయడమే. ముక్కను కత్తిరించాక పక్కకు జరపనంతవరకూ సింక్ పోయే ప్రసక్తే లేదు.

ఫోన్ యాప్‌లలో ఒక చిక్కు ఉంది. కైన్‌మాస్టర్ లాంటివాటిలో ప్రధాన ట్రాక్‌లో ఒక ముక్క తీసేస్తే, వెనకున్నవన్నీ ముందుకు జరిగి ఖాళీని నింపేస్తాయి. వ్లాగ్‌కి అది సౌకర్యం, పాటకు ప్రమాదం. ప్రధాన ట్రాక్‌లో మాస్టర్‌ని ముక్క చేయకుండా పూర్తిగా ఉంచి, మిగతా షాట్లను లేయర్లుగా పైన అతికించండి. ఐమూవీలో పైన ఒక్క వరుసే దొరుకుతుంది, అదీ ఈ పద్ధతికి సరిపోతుంది.

లాప్‌టాప్‌లో ప్రివ్యూ ఆగి ఆగి ఆడుతుంటే కళ్లతో సింక్ తేల్చొద్దు. ఫోన్ వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కొన్ని మాత్రమే పూర్తిగా ఉండి, మిగతావి ముందు వెనక ఫ్రేములతో వచ్చిన తేడాలను దాచుకుంటాయి. కట్ చేసిన ప్రతిచోటా కంప్యూటర్ ఆ తేడాలన్నీ మళ్లీ కూడుకోవాలి, పాత లాప్‌టాప్ అక్కడే ఆయాసపడుతుంది. ఫైల్‌ని ఇంకా చిన్నదిగా కుదించే హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో తీసిన క్లిప్‌లకు ఈ బరువు ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ అనే సదుపాయం ఆన్ చేస్తే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు తయారవుతాయి, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు క్లిప్‌లతో జరుగుతుంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్, రిజాల్వ్ మూడింటిలోనూ ఇది ఉంది.

ఇక పెదవిని సరిచూడటం. మన వర్ణమాలలో ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు, రెండు పెదాలూ మూసుకుంటేగానీ పలకవు. లిరిక్ షీట్‌లో ఇవున్న చోట్ల పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి. వీటిలో ప అన్నిటికంటే నమ్మకమైంది. పెదాలు మూసి ఉన్నంతసేపు చప్పుడు ఉండదు, విడగానే పేలుతుంది. మ దగ్గర జాగ్రత్త, పెదాలు ఇంకా మూసి ఉండగానే ముక్కులోంచి నాదం మొదలైపోతుంది, కాబట్టి పెదవి విడిన ఫ్రేమును శబ్దం మొదలైన చోటుతో కలిపితే తప్పు వస్తుంది. విడిగా తెచ్చుకున్న గొంతు ట్రాక్ ఇప్పుడు అక్కరకొస్తుంది. పూర్తి పాటలో డ్రమ్స్ మధ్య ప కనిపించదు, గొంతు ట్రాక్‌లో నిశ్శబ్దం పక్కన గోడలా లేచి కనిపిస్తుంది. బాణం గుర్తు మీటతో ఒక్కో ఫ్రేమూ కదుపుతూ, పెదాలు విడిన మొదటి ఫ్రేమును ఆ గోడ మొదలుతో కలపండి. అనుమానం మిగిలితే శబ్దాన్ని ఒక ఫ్రేము వెనకే ఉంచండి, ముందు ఎప్పుడూ వద్దు.

ఇలాంటి ప ఒకటి పల్లవిలో, ఇంకొకటి చివరి చరణంలో చూస్తే జబ్బు ఏదో కూడా తేలిపోతుంది. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే క్లిప్ మొత్తం పక్కకు పెట్టారన్నమాట, అంతే దూరం జరిపితే చాలు. చివరికి తేడా పెరిగితే ఫ్రేమ్ రేట్ గొడవ, క్లిప్‌ని మార్చుకుని మళ్లీ వేయాలి. ఒకచోట కలిసి, ఒకచోట తప్పి, మళ్లీ కలిస్తే పాడినవాళ్లే అక్కడ తడబడ్డారు, ఆ పంక్తికి ఇంకో టేకు వాడండి.

కట్ ఎక్కడ?

ప్రతి బీటు మీదా కట్ పెట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ల మొదటి సరదా. ముప్పై సెకన్లు బాగుంటుంది, తర్వాత చూసేవాళ్ల కన్ను అలసిపోతుంది. నా నమ్మకం ఏమిటంటే, తాళంలో పడాల్సింది కదలిక. చెయ్యి విసరడం, తల తిప్పడం, కాలు నేలకు తగలడం బీటు మీద పడితే, కట్ ఎక్కడున్నా పాట పట్టు సడలదు. డప్పు దెబ్బ మీదే కట్ కావాలనుకుంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే కట్ చేయండి, దెబ్బ పడేసరికి కొత్త షాట్ కంటికి ఆనుతుంది.

జానపదాల్లో లయ తరచూ మూడు మూడుగా నడుస్తుంది. నాలుగు లెక్కన గుర్తులు పెట్టుకుంటే కట్‌లు దరువుకు అడ్డం పడతాయి. ఎడిటింగ్‌కి ముందు కళ్లు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ, సాఫ్ట్‌వేర్‌లో మార్కర్ మీట నొక్కుతూ పాటంతా ఒకసారి వినండి. మీ చెయ్యి పెట్టిన గుర్తుల మీద నాకు సాఫ్ట్‌వేర్ లెక్కకంటే ఎక్కువ నమ్మకం.

పాడే పంక్తిలో అయితే మాట మధ్యలో కట్ చేయొద్దు, ఊపిరి తీసుకునే దగ్గర చేయండి. కన్నీళ్లొచ్చేంత బాగా పాడిన పంక్తి ఒకటి ఉంటే దాన్ని అసలు ముట్టుకోకండి. పది సెకన్లయినా ఆ మొహం మీదే ఉండనివ్వండి.

బయటికి పంపేటప్పుడు

కెమెరా ఆడియో ట్రాకులన్నీ మ్యూట్ అయ్యాయో లేదో చూసుకోండి. ఒక్కటి మిగిలినా పాట వెనక ప్రతిధ్వనిలా మోగుతుంది. 1080పీలో, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. పాటను అదే పనిగా గట్టిగా పెంచి ఉపయోగం లేదు, యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్నవాటిని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తనే దించేస్తుంది. రీల్స్ కోసం నిలువు వీడియో కూడా కావాలంటే అడ్డ వీడియోను కత్తిరించి సరిపెట్టకుండా, షూటింగ్‌లోనే పల్లవి వరకు ఫోన్ నిలువుగా పట్టుకుని ఒక టేకు విడిగా తీసుకోండి.

అప్‌లోడ్ మొదట అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టండి. లాప్‌టాప్‌లో వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, ఈ వీడియోతో ఏ సంబంధం లేని స్నేహితుడి ఫోన్‌లో ఒకసారి చూడండి. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన ప, బ అక్షరాల దగ్గరే చూపు నిలపండి. అన్నిచోట్లా పాట పెదవికంటే ముందొస్తున్నట్టు అనిపిస్తే ప్రాజెక్ట్ తెరిచి, పాట ట్రాక్ లాక్ తీసి, దాన్ని ఒక ఫ్రేము ఆలస్యంగా మొదలయ్యేలా కుడివైపుకి జరిపి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ తర్వాతే లింకు పబ్లిక్ చేసి గ్రూపుల్లో పంచుకోండి.